ఓమ్ మాష్టారు

భౌతికశాస్త్రం ఒక్క ఏడాది చదివినవాడికైనా ఓమ్ పేరు తెలుస్తుంది. ఆయనెవరో మాత్రం పదేళ్ళు చదివినవాళ్ళకి కూడా సాధారణంగా తెలియదు. న్యూటన్ అనగానే యాపిల్ చెట్టు, ఆర్కిమెడిస్ అనగానే స్నానాల తొట్టి, మన రామన్ అనగానే సముద్రపు నీలిరంగు గుర్తుకొస్తాయి. ఓమ్ అంటే ఏ చెట్టూ గుర్తుకు రాదు, ఏ తొట్టీ గుర్తుకు రాదు. పాపం, మనిషి పోయి కొలమానం మిగిలాడు. లేబరేటరీలో రెసిస్టెన్సు పెట్టె మీద రాసి ఉండే అక్షరాలుగా మాత్రమే మనకి పరిచయం.

విద్యార్థి సంఘం మిత్రులు ఈ ఏటి సావనీరుకి ఒక వ్యాసం కావాలన్నారు. పాతచింతకాయ పచ్చడి కాకుండా ఏదైనా ఆధునిక విషయం, అంటే ఒక్క అణువులోంచి కరెంటు ఎలా పోతుంది, నానోమీటర్ల సైజులో ఉండే పరికరాల్లో విద్యుత్తు నడక ఎలా ఉంటుంది, అలాంటిది రాయమని కోరారు. నేను సరేనన్నాను. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చున్నాక, అణువు దగ్గరికి వెళ్ళాలన్నా దారి ఓమ్ గారి వీధిలోంచే పోతుందని తోచింది. అందుకని ముందు ఆయన కథ చెబుతాను. చివరికి అణువు దగ్గరికి చేర్చే పూచీ నాది.

జార్జి సైమన్ ఓమ్ 1789 మార్చి 16న ఎర్లాంగెన్ అనే ఊళ్ళో పుట్టాడు. ఫ్రెంచి విప్లవం వచ్చిన సంవత్సరం అది. ఎర్లాంగెన్ ఇప్పుడు జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉంది. ఆ రోజుల్లో జర్మనీ అని ఒకే దేశం లేదు. మన సంస్థానాల మాదిరి చిన్నవీ పెద్దవీ రాజ్యాలు ఉండేవి. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసే పనివాడు. తల్లి ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే దక్కారు. జార్జి, తమ్ముడు మార్టిన్, ఒక చెల్లెలు. జార్జికి పదేళ్ళ వయసులో తల్లి పోయింది.

తండ్రి సంగతి కాస్త ఆగి చెప్పుకోవాలి. ఆయన బడికి పోయి చదివింది పెద్దగా లేదు. కాని కొలిమి దగ్గర పని ముగించుకున్నాక పుస్తకాలు ముందేసుకుని గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్వశాస్త్రం స్వయంగా నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకోలేదు, కొడుకులిద్దరికీ తనే చెప్పాడు. ఊళ్ళో బడి పాఠాలకన్నా ఇంటి పాఠాలే గట్టివి. ఎర్లాంగెన్ యూనివర్సిటీలో లాంగ్స్‌డార్ఫ్ అనే గణితాచార్యుడు ఈ కుర్రాళ్ళని పరీక్షించి ఆశ్చర్యపోయి, వీళ్ళని బెర్నూలీ సోదరులతో పోల్చాడు. బెర్నూలీలంటే స్విట్జర్లాండులో వరసగా గణితవేత్తలు పుట్టిన వంశం. తాళాల కొట్టు పిల్లలకి ఇంతకంటే పెద్ద మాట ఏముంటుంది? మార్టిన్ తరవాత నిజంగానే గణితాచార్యుడయ్యాడు. జార్జికి తండ్రినుంచి గణితం ఒక్కటే కాదు, లోహాన్ని చేత్తో పట్టుకుని పని చేయించుకునే ఒడుపు కూడా అబ్బింది. ఆ ఒడుపు లేకపోతే ఈ కథే లేదు.

1805లో, పదహారేళ్ళ వయసులో, జార్జి ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. చేరి ఏం చేశాడు? ఇది చదివి మా విద్యార్థులు సంతోషిస్తారని నాకు తెలుసు. డాన్సులు చేశాడు. బిలియర్డ్సు ఆడాడు. చలికాలంలో మంచుమీద స్కేటింగ్ చేశాడు. చదువొక్కటే వెనకబడింది. తనకి దొరకని అవకాశం కొడుక్కి దొరికితే వాడు ఇలా తగలేస్తున్నాడని తండ్రి మండిపడ్డాడు. మూడు సెమిస్టర్లు కాగానే చదువు మానిపించేశాడు. 1806లో జార్జి స్విట్జర్లాండు వెళ్ళి ఒక పల్లెటూరి బళ్ళో లెక్కల మాష్టారుగా చేరాడు. పదిహేడేళ్ళ మాష్టారు! అలా మొదలైన బడిపంతులు ఉద్యోగం ఇంచుమించు జీవితమంతా ఆయన్ని వదల్లేదు.

అక్కడే మనిషి మారాడు. లాంగ్స్‌డార్ఫ్ హైడెల్‌బర్గ్ యూనివర్సిటీకి వెళుతుంటే తనూ వస్తానన్నాడు. ఆయన వద్దని, ఆయిలర్‌నీ లప్లాస్‌నీ సొంతంగా చదువుకోమని సలహా ఇచ్చాడు. ఓమ్ ఆ సలహా పాటించాడు. పగలు పిల్లలకి పాఠం, రాత్రి తనకి పాఠం. 1811లో ఎర్లాంగెన్ తిరిగొచ్చి ఆ ఏడు అక్టోబరులోనే డాక్టరేటు పుచ్చుకున్నాడు. అక్కడే లెక్చరరుగా మూడు సెమిస్టర్లు పాఠాలు చెప్పాడు. ఆ పదవికి గౌరవం ఉంది గాని దాంతో పొట్ట నిండదు. విసిగి 1813లో బాంబెర్గ్‌లో ఒక నాసిరకం బళ్ళో చేరాడు. 1816లో ఆ బడి కాస్తా మూతపడింది. ఇంకో బడికి పంపారు, అక్కడ పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. చేతిలో డాక్టరేటుంది, ముందు దారి లేదు.

ఆ స్థితిలో ఆయన జ్యామితి బోధన మీద ఒక చిన్న పుస్తకం రాసి 1817లో అచ్చువేయించాడు. ఒక ప్రతి ప్రష్యా రాజుకి పంపాడు. రాజుగారికి నచ్చిందో, మంత్రులకి నచ్చిందో, కొలోన్ నగరంలో ఒక మంచి హైస్కూల్లో గణిత భౌతికశాస్త్రాల ఉపాధ్యాయుడుగా ఉద్యోగం వచ్చింది. ఆ బడికి వెనకటి జెస్యూట్ల కాలంనుంచి మంచి పేరు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బళ్ళో చక్కని భౌతికశాస్త్ర లేబరేటరీ ఉంది. ఓమ్ జీవితంలో మొదటిసారి పరికరాల బీరువా ఆయన చేతికి వచ్చింది.

ఆ రోజుల్లో విద్యుచ్ఛాస్త్రం ఏ స్థితిలో ఉందో కాస్త ఊహించుకోవాలి. 1800లో వోల్టా బ్యాటరీ తయారుచేశాడు. 1820లో డెన్మార్కులో ఓర్‌స్టెడ్, కరెంటు పోతున్న తీగె దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని కనిపెట్టాడు. యూరప్ అంతా దానిమీద పడింది. అందరూ వింతలు చూస్తున్నారు. కాని ఎంత అన్న ప్రశ్నకి సరైన సమాధానం లేదు. తీగె పొడవు రెట్టింపయితే కరెంటు ఎంత తగ్గుతుంది? ఇవాళ తొమ్మిదో తరగతి కుర్రాడు చెప్పేస్తాడు. అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. ఇంగ్లండులో కావెండిష్ దోరణంతా అంతకుముందే పసిగట్టాడు గాని, తన ఒంటికి తగిలే షాకునే మీటరుగా పెట్టుకుని చేసిన ఆ ప్రయోగాలు అచ్చు కాలేదు. 1879లో మాక్స్‌వెల్ వాటిని బయటపెట్టేదాకా లోకానికి తెలియవు.

ఓమ్ ఈ ప్రశ్న పట్టుకున్నాడు. 1825లో మొదటి వ్యాసం ప్రకటించాడు. అందులో సూత్రం తప్పు. తీగె పొడవు పెరిగేకొద్దీ అయస్కాంత ప్రభావంలో వచ్చే నష్టాన్ని ఆయన లాగరిథంతో ముడిపెట్టాడు. లోపం తీగెలో లేదు, లెక్కలో లేదు, బ్యాటరీలో ఉంది. ఆనాటి బ్యాటరీకి తీగె తగిలించగానే బలం ఒక్కసారి ఉరికి, క్షణాల్లో పడిపోయేది. కాసేపు విప్పి ఉంచితే మళ్ళీ పుంజుకునేది. చెరువులో నీటిమట్టం గంటగంటకీ మారుతుంటే, ఏ తూములోంచి ఎంత నీరు పోతుందో పోల్చి చెప్పడం ఎలా? అదీ చిక్కు.

అప్పుడు పోగెండార్ఫ్ అనే సంపాదకుడు ఒక సలహా ఇచ్చాడు. బ్యాటరీ వదిలేసి ఉష్ణయుగ్మం వాడి చూడమన్నాడు. 1821లో సీబెక్ కనిపెట్టిన సంగతి అది. రెండు వేర్వేరు లోహాలు కలిపి, ఒక అతుకు వేడిగా, ఒక అతుకు చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. ఓమ్ బిస్మత్ కడ్డీకి రెండు పక్కలా రాగి అతికించాడు. ఒక అతుకు మరిగే నీళ్ళలో, రెండోది మంచులో. ఇందులో అందం చూడండి. నీళ్ళు మరుగుతున్నంతసేపూ వేడి మారదు, మంచు కరుగుతున్నంతసేపూ చలి మారదు. కనక బలమూ మారదు. బలం చాలా స్వల్పమే, కాని నిలకడ ఉంది. చెరువు మట్టం నిలబడింది, ఇక తూముల సంగతి చూడవచ్చు.

కరెంటు కొలవడానికి అమ్మీటరు అప్పటికి లేదు. ఓమ్ ఒక అయస్కాంతపు ముల్లుని సన్నని లోహపు పట్టీతో తీగె మీదుగా వేలాడదీశాడు. కరెంటు పోతే ముల్లు పక్కకి తిరుగుతుంది. పైనున్న పట్టీని మెలితిప్పి ముల్లుని మళ్ళీ మొదటి చోటికి తెచ్చేవాడు. ఎంత మెలి పెట్టాల్సి వచ్చిందో అదే రీడింగు. తాళంచెవి పళ్ళు ఆకురాయితో అరగదీసిన ఇంట్లో పుట్టినవాడికి ఈ పని కొత్తేమీ కాదు.

1826 జనవరిలో ఆయన ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగెలు తీసుకున్నాడు. పొడవులు 2, 4, 6, 10, 18, 34, 66, 130 అంగుళాలు. ఒక్కొక్కటీ తగిలించి రీడింగు రాసుకున్నాడు. రెండంగుళాల తీగెకి దాదాపు 327 వచ్చింది. నూటముప్పై అంగుళాల తీగెకి 48½ వచ్చింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పొడవు 65 రెట్లు పెరిగింది. మనం పాఠంలో చెప్పుకునే లెక్కన కరెంటు 65వ వంతుకి పడిపోవాలి. పడిపోలేదు. ఏడో వంతుకన్నా కాస్త ఎక్కువే ఉంది.

ఇవే రీడింగులు మన లేబరేటరీలో ఎవరైనా తెస్తే ఏమవుతుంది? రాని ఫలితం వచ్చిందని బెంగపడి, పక్కవాడి రికార్డు చూసి దిద్దుకొస్తారు. ఓమ్ దిద్దలేదు. ఎనిమిది అంకెల్నీ ముందుపెట్టుకుని ఆలోచించాడు. అన్నిటికీ అతికే సూత్రం ఒకటి దొరికింది. మాటల్లో చెప్పాలంటే, ప్రభావం = ఎ ÷ (బి + తీగె పొడవు). ఎ అనేది చోదకబలాన్ని బట్టి, అంటే వేడికీ చలికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. బి అనేది తీగె కాక మిగతా వలయం, అంటే బిస్మత్ కడ్డీ, రాగి పట్టీలు, అతుకులు వగైరా. ఈ బి విలువ సుమారు 20 అంగుళాల తీగెతో సమానమని తేలింది. కావాలంటే మీరే లెక్క కట్టి చూడండి. 20¼కి 2 కలిపితే 22¼, అదే 20¼కి 130 కలిపితే 150¼. రెండోది మొదటిదానికి దాదాపు 6.75 రెట్లు. 327ని 48½తో భాగించండి, అంతే వస్తుంది. రెండువందల ఏళ్ళనాటి ఒక బడిపంతులు రీడింగులు ఇవాళ మన కాగితం మీద తూచినట్టు సరిపోతాయి.

ఓమ్ నియమం పుట్టినప్పటి రూపం ఇది. వి = ఐ ఆర్ అని మనం బల్లమీద రాసే రూపం తరవాత వచ్చింది. అసలు రూపంలో బి ఉంది. మన రూపంలో బి కనపడదు. మిగతా వలయపు నిరోధం స్వల్పం కనక వదిలేశాము అని ఒక్క వాక్యం చెప్పి దాటేస్తాం. ఈ బి అనే అక్షరాన్ని గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పనిపడుతుంది.

ఈ ఫలితంతో తన బతుకు మారుతుందని ఓమ్ నమ్మాడు. బడిపంతులుతనం వదిలి ఏదైనా యూనివర్సిటీలో ఆచార్య పదవి సంపాదించాలని ఆయన ఆశ. కొలోన్ బడినుంచి సగం జీతంమీద ఏడాది సెలవు పెట్టి 1826లో తమ్ముడు మార్టిన్ ఉంటున్న బెర్లిన్ వెళ్ళాడు. అక్కడ కూర్చుని 1827లో పుస్తకం ప్రకటించాడు. గాల్వానిక్ వలయాన్ని గణితరీత్యా పరిశీలించడం అని దాని పేరు. ఫ్రాన్సులో ఫూరియే 1822లో వేడి ఘనపదార్థాల్లో ఎలా పాకుతుందో గణితంలో చెప్పాడు. వేడికి ఉష్ణోగ్రత తేడా ఎలాంటిదో విద్యుత్తుకి మరో రకం తేడా అలాంటిదని ఓమ్ ఊహించి, ఆ దారిలో తన నియమాన్ని సాధించి చూపించాడు.

ముప్పైయెనిమిదేళ్ళ మనిషి తన సర్వస్వం ఆ పుస్తకం మీద ఒడ్డాడు. అది పేలలేదు. జర్మన్ భౌతికశాస్త్రజ్ఞులు చాలామందికి ఆ రోజుల్లో గణితమంటే గిట్టదు. బెర్లిన్‌లో హెగెల్ తత్వం రాజ్యమేలుతోంది. ప్రకృతి రహస్యం ఆలోచనలో దొరకాలి గాని తీగెలు కొలిస్తే దొరుకుతుందా అనే ధోరణివాళ్ళు ఎక్కువ. పోల్ అనే విమర్శకుడు పుస్తకాన్ని తీవ్రంగా ఖండిస్తూ సమీక్ష రాశాడు. నా ఉద్దేశంలో పుస్తకం తీరులో కూడా కొంత లోపం ఉంది. ఓమ్ సిద్ధాంతాన్ని ముందుకి తెచ్చి, తన బంగారంలాంటి ప్రయోగాలని పత్రికలో వేసిన వ్యాసాల్లోనే ఉండనిచ్చాడు. పుస్తకం ఒక్కటే చదివినవాడికి ఇదంతా ఊహల మేడ అనిపించింది. ఎనిమిది తీగెలూ, మరిగే నీళ్ళూ, మంచూ వాడి కంటపడలేదు.

ఆశించిన పదవి రాలేదు. మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. చక్కని లేబరేటరీ ఉన్న ఉద్యోగాన్ని చేజేతులా వదులుకున్నాడు. ఆ తరవాత బెర్లిన్‌లో మిలిటరీ స్కూల్లో వారానికి కొద్ది గంటలు లెక్కలు చెప్పుకుంటూ గడిపాడు. ఏ నియమం మీద తరవాతి కాలంలో టెలిగ్రాఫు, డైనమో, ఇంటింటి దీపం నిలబడ్డాయో, ఆ నియమం కనిపెట్టినవాడు ట్యూషను మాష్టారులా బతికాడు. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసరు పని దొరికింది. పేరుకి ప్రొఫెసరే గాని ఆయన కోరుకున్న యూనివర్సిటీ కాదు. 1839లో ఆ సంస్థకే అధిపతి అయ్యాడు.

గుర్తింపు పక్క ఊళ్ళనుంచి మొదలై పరాయి దేశాలు తిరిగి ఇంటికొచ్చింది. లీప్‌జిగ్‌లో ఫెక్నర్ 1831లో ప్రయోగాలు చేసి ఓమ్ మాట నిజమన్నాడు. రష్యాలో లెంజ్ ఆ నియమాన్ని వాడుకున్నాడు. ఫ్రాన్సులో పుయే 1837లో అలాంటి ఫలితమే ప్రకటించాడు. 1841లో లండన్ రాయల్ సొసైటీ ఓమ్‌కి కాప్లీ పతకం ఇచ్చింది. ఆ రోజుల్లో శాస్త్రజ్ఞుడికి అంతకుమించిన గౌరవం లేదు. మరుసటి ఏడాది తమ విదేశీ సభ్యుడుగా ఎన్నుకుంది. ప్రయోగాలు చేసి పదిహేనేళ్ళు దాటింది. అప్పుడు గాని స్వదేశంలో కదలిక రాలేదు. 1849లో మ్యూనిచ్‌కి పిలిచారు. 1852లో మ్యూనిచ్ యూనివర్సిటీలో ప్రయోగ భౌతికశాస్త్ర పీఠం ఇచ్చారు. పదహారేళ్ళప్పుడు డాన్సులాడి పోగొట్టుకున్న యూనివర్సిటీ అరవైమూడేళ్ళకి చేతికందింది. రెండేళ్ళకి, 1854 జులై 6న, ఆయన మ్యూనిచ్‌లోనే కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు.

ఈ మధ్యలో 1843లో ధ్వనిమీద కూడా ఒక మంచి సూత్రం చెప్పాడు గాని దాని జోలికి ఇప్పుడు పోను. చాలామందికి తెలియని ఇంకో సంగతి చెప్పాలి. 1849లో ఓమ్ ఒక పెద్ద గ్రంథానికి మొదటి సంపుటం ప్రకటించాడు. గ్రంథం పేరేమిటో తెలుసా? అణు భౌతికశాస్త్రానికి చేర్పులు. పదార్థం లోపలి అణువుల సంగతి తేల్చాలని ముసలితనంలో ఆయన సంకల్పం. మొదటి సంపుటంలో దానికి కావలసిన జ్యామితి మాత్రమే ఉంది. అసలు అణువుల దాకా రానేలేదు. మ్యూనిచ్ బాధ్యతలు మీదపడ్డాయి, తరవాత ఆయుస్సు చాలలేదు. ఓమ్ మాష్టారు అణువు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడన్నమాట.

అక్కడినుంచి మనం నడుద్దాం. 1897లో జె.జె.థామ్సన్ ఎలక్ట్రాన్‌ని గుర్తించాడు. 1900లో డ్రూడే, లోహంలో ఎలక్ట్రాన్లు పరుగెడుతూ, వాటినీ వీటినీ ఢీకొంటూ పోతాయని, అందువల్లే నిరోధమనీ ఒక చిత్రం గీశాడు. సంతలో జనాన్ని తోసుకుంటూ నడిచే మనిషి చందం. సంత ఎంత పొడుగుంటే అంత ఆలస్యం. కనక నిరోధం పొడవుతో పెరుగుతుంది. బాగానే ఉంది. మామూలు వేడిలో రాగిలో ఎలక్ట్రాన్ ఒక ఢీకీ మరో ఢీకీ మధ్య సగటున సుమారు 40 నానోమీటర్లు పోతుంది. నానోమీటరంటే మీటరులో వందకోట్ల వంతు.

ఇప్పుడు ప్రశ్న. ఆ 40కన్నా చాలా పొట్టిగా, చాలా సన్నగా ఒక వాహకం చేస్తే? ఎలక్ట్రాన్ దేన్నీ ఢీకొనకుండా ఈ చివరినుంచి ఆ చివరికి దూసుకుపోతుంది. ఢీలు లేవు కనక నిరోధం సున్నా కావాలి కదా! కాదు. 1957లో ఐబీఎంలో పనిచేస్తున్న రోల్ఫ్ లాండౌర్ ఈ విషయాన్ని కొత్తగా చూశాడు. వాహకత అంటే ఎలక్ట్రాన్ అవతలికి దాటగల సంభావ్యతే అన్నాడు. ఆ ఆలోచన మీద చాలా ఏళ్ళు వాదోపవాదాలు జరిగాక తేలిందేమంటే, దారిలో ఒక్క అడ్డంకి లేకపోయినా కొంత నిరోధం తప్పనిసరిగా మిగులుతుంది. విశాలమైన లోహపు మైదానంలోంచి ఇరుకు సందులోకి దూరేచోట, మళ్ళీ బయటపడేచోట పుట్టే నిరోధం అది. ఒక్క సందుకి దాని విలువ సుమారు 12,906 ఓమ్‌లు. రాగి అయినా సరే, బంగారమైనా సరే, ఆ అంకె మారదు. ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

1988లో హాలండులో ఒక బృందం, కేంబ్రిడ్జిలో మరో బృందం విడివిడిగా ఇది కళ్ళారా చూశాయి. సందుని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తూ పోతే వాహకత ఏటవాలుగా పెరగలేదు, మెట్లుమెట్లుగా పెరిగింది. ఒక్కో మెట్టు ఒక్కో సందు. తరవాత ఒక్క బంగారు పరమాణువు గుండా కరెంటు పంపి చూస్తే ఇంచుమించు ఒక మెట్టంతే వచ్చింది.

ఇప్పుడు అసలు చమత్కారం. ఇలాంటి సన్నని వాహకానికి మొత్తం నిరోధం రాస్తే ఏ రూపం వస్తుంది? ఒక స్థిరమైన సంపర్క నిరోధం, దానికి తోడు పొడవుతో పెరిగే మరో భాగం. అంటే బి + పొడవు! ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివి అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో స్థిరపడ్డ సుప్రియో దత్తా ఈ విషయాన్ని ఈ రూపంలోనే విద్యార్థులకి విడమరిచి చెప్పాడు. ఓమ్ గారి బి, లాండౌర్ గారి బి ఒకటేనని నేను అనడం లేదు. ఒకటి బిస్మత్ కడ్డీవల్ల వచ్చింది, ఇంకోటి క్వాంటం నియమాలవల్ల వచ్చింది. కాని వలయంలో తీగె కాక మిగిలినదానికీ చోటుండాలన్న వివేకం రెండుచోట్లా ఒకటే. పెద్ద తీగెలో బి పొడవులో మునిగిపోతుంది, అందుకని మనం వదిలేశాం. అణువు సైజుకి వచ్చేసరికి పొడవు మాయమై బి ఒక్కటే తల ఎత్తుకుని నిలబడుతుంది.

ఒంటరి అణువు సంగతి ఇంకా విచిత్రం. 1974లో అవిరామ్, రాట్నర్ అనే ఇద్దరు, ఒకే అణువుని డయోడులా పనిచేయించవచ్చని కాగితం మీద చూపించారు. తరవాతి కాలంలో అణువుని రెండు బంగారు మొనల మధ్య ఇరికించి నిజంగానే కొలిచారు. కొవ్వొత్తి మైనంలో ఉండేలాంటి కార్బన్ గొలుసులో ఎలక్ట్రాన్ నడిచిపోదు, క్వాంటం సొరంగం గుండా దాటుతుంది. అక్కడ ఒక్కొక్క కార్బన్ చేర్చినకొద్దీ నిరోధం కూడికలా పెరగదు, ప్రతిసారీ సుమారు రెండున్నర, మూడు రెట్లు హెచ్చుతుంది. ఓమ్ నియమం అక్కడ చెల్లదు. అణువు అంత చిన్నదయితే ఇక ఎక్కడా చెల్లదేమో అనుకునేలోపల 2012లో ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీవారు సిలికాన్‌లో ఫాస్ఫరస్ పరమాణువులు పేర్చి నాలుగు పరమాణువుల వెడల్పు, ఒక్క పరమాణువు ఎత్తు ఉన్న తీగె చేశారు. అది బుద్ధిగా ఓమ్ నియమాన్ని పాటించింది! కనక చిన్నదైతే చెల్లదు, పెద్దదైతే చెల్లుతుంది అని కళ్ళు మూసుకుని చెప్పేందుకు లేదు. తీగె తగిలించి కొలవాల్సిందే.

ఈ మాటే మా విద్యార్థి మిత్రులకి చెప్పాలని నా తాపత్రయం. నేను ఈ కాలేజీలోనే చదివి, ఇక్కడే చాలా ఏళ్ళుగా ప్రాక్టికల్స్ చూస్తున్నవాణ్ణి. ఏటేటా రికార్డుల్లో గీతలన్నీ తూచా తప్పకుండా మూలబిందువు గుండానే పోతుంటాయి. పుస్తకంలో అలా ఉంది కాబట్టి. నిజం రీడింగులకి అంత బుద్ధి ఉండదు. గీత మూలబిందువుని తప్పి అటో ఇటో ఖండిస్తే, ఆ ఖండన దగ్గర ఏదో ఉంది. అతుకులో, స్క్రూలో, తుప్పులో, మీటరులో ఏదో ఉంది. మీటరు బ్రిడ్జి ప్రయోగంలో చివర్ల సవరణ లెక్కకట్టమంటే విసుక్కుంటారు గాని, రాగి పలక దగ్గర తీగె అతికినచోట దాక్కున్న బి అదే. దాన్ని చెరిపేసినవాడు మార్కులు సంపాదిస్తాడేమో, ఓమ్ కాలేడు. లాండౌరూ కాలేడు.

1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు కొలమానానికి ఓమ్ పేరు ఖాయం చేసింది. 1980లో వాన్ క్లిట్జింగ్ అతిశీతలంలో, బలమైన అయస్కాంత క్షేత్రంలో ఒక పల్చని ఎలక్ట్రాన్ పొరని పరిశీలించి, నిరోధం 25,812.8 ఓమ్‌ల దగ్గర, దాని పూర్ణభాగాల దగ్గర మెట్టులా నిలబడుతుందని కనిపెట్టాడు. పైన చెప్పిన 12,906కి ఇది సరిగ్గా రెట్టింపు. 1990నుంచి ప్రపంచమంతటా ప్రామాణిక ఓమ్‌ని ఈ పద్ధతిలోనే నిలబెడుతున్నారు. 2019లో ప్లాంక్ స్థిరాంకానికీ ఎలక్ట్రాన్ ఆవేశానికీ విలువలు శాశ్వతంగా నిర్ణయించడంతో ఆ లెక్క మరింత స్థిరపడింది. తన ఆఖరి గ్రంథంలో అణువుల దాకా చేరలేకపోయిన మాష్టారి పేరుగల కొలమానం ఇవాళ పరమాణు ప్రపంచపు స్థిరాంకాల మీదే నిలబడి ఉంది.

లేబరేటరీలో రెసిస్టెన్సు పెట్టె ముట్టుకునేటప్పుడు ఆ ఎనిమిది రాగి తీగెల్ని ఒకసారి తలుచుకోండి. రీడింగు ఎలా వస్తే అలా రాయండి. వచ్చిన అంకె నచ్చకపోతే కారణం వెతకండి గాని అంకెని మార్చకండి. డెమాన్‌స్ట్రేటరు కోప్పడితే నా దగ్గరికి పంపండి, నేను మాట్లాడతాను.